ఎక్సెస్, గ్రీడ్, అడిక్ట్: ఆశ ఎక్కడ గీత దాటుతుంది?

🪔 *ఆదివారం పాఠం* 🪔
🙏 ఓం నమో వేంకటేశాయ 🙏



ఈ వారం పురాణంతో పాటు కొన్ని ఇంగ్లీషు మాటలు కూడా పట్టుకుందాం. భక్తి పాఠంలో ఇంగ్లీషు ఏంటి అనుకోకండి. మన పెద్దలు కామం, లోభం, మోహం అని పేర్లు పెట్టి చూపించిన శత్రువులే ఈ ఊళ్లో ఇంగ్లీషు పేర్లతో తిరుగుతున్నాయి. శత్రువు ఏ పేరుతో వచ్చినా గుర్తుపట్టాలి కదా. ఆ మాటలు ఎక్కడ పుట్టాయో తెలుసుకుంటే, మన ఇతిహాసాలు చెప్పిన సంగతే వాటి కడుపులోనూ దాగి ఉందని తెలుస్తుంది.

ముందే ఒక్క మాట. ఈ పాఠం ఎవరినీ తిట్టడానికి రాసింది కాదు. అమ్మానాన్నల్ని, భార్యాబిడ్డల్ని ఊళ్లో వదిలి సముద్రం దాటి వచ్చామంటే ఆశ ఉండబట్టే వచ్చాం. అప్పు తీర్చాలి, ఇల్లు కట్టాలి, పిల్లల్ని చదివించాలి. ఆ ఆశ మంచిదే. అది ఎక్కడ గీత దాటుతుందో తెలుసుకోవడమే ఈ రోజు మన పని.

*1. లస్ట్: మొదట్లో చెడ్డ మాట కాదు*

లస్ట్ అంటే ఇప్పుడు చెడ్డ అర్థమే అందరికీ తెలుసు. పాత ఇంగ్లీషులో మాత్రం ఆ మాటకి సంతోషం, ఇష్టం, కోరిక అని అర్థం. జర్మన్ భాషలో ఇప్పటికీ దాన్ని మామూలు ఇష్టానికి, ఉత్సాహానికి వాడతారు. ఇంగ్లీషులో మాత్రం కాలం గడిచేకొద్దీ అదుపు తప్పిన కోరికకే ఆ పేరు మిగిలిపోయింది.

మన 'కామం' కథ కూడా ఇలాంటిదే. ఈ మాట మనకి రెండు చోట్ల కనిపిస్తుంది. ధర్మం, అర్థం, కామం, మోక్షం అనే నాలుగు పురుషార్థాల్లో అది ఒకటి, అంటే మనిషి సాధించదగినది. కామ క్రోధ లోభ మోహ మద మాత్సర్యాలనే ఆరుగురు శత్రువుల్లోనూ అదే మొదటిది. ఒకే మాట అటు మిత్రుడు, ఇటు శత్రువు ఎలా అయింది?

వరస చూడండి. పురుషార్థాల్లో కామం మూడోది. ముందు ధర్మం, తర్వాత న్యాయంగా సంపాదించిన అర్థం, ఆ తర్వాతే కోరిక. ముందు ఇద్దరు పెద్దలు నడుస్తుంటే వెనకాల బుద్ధిగా నడిచే పిల్లవాడి లాంటిది. శత్రువుల జాబితాలో దానికి ముందు ఎవరూ లేరు. ముందు నడిచే పెద్దలు లేకపోతే కోరిక శత్రువవుతుంది. మన పాఠానికి ఇదే మొదటి మెట్టు.

*2. క్రేవింగ్: అడగడం మానేసి దబాయించడం*

క్రేవింగ్ అంటే ఏదో ఒకటి కావాలని మనసు పీకడం. సిగరెట్‌కి, బీరుకి, ఫోన్లో రీల్స్‌కి అందరూ ఈ మాట వాడుతున్నారు. పాత ఇంగ్లీషులో దీని అసలు అర్థం 'హక్కుగా అడగడం, దావా వేయడం'.

ఇది మన అనుభవానికి ఎంత దగ్గరగా ఉందో చూడండి. మామూలు కోరిక 'ఉంటే బాగుండు' అంటుంది. క్రేవింగ్ అలా అడగదు. "ఆరు రోజులు ఎండలో రాడ్లు మోశాను, ఓటీ చేశాను, ఆదివారం నాకు ఆ మాత్రం హక్కు లేదా?" అంటుంది. మన చెమటనే సాక్ష్యంగా తెచ్చి మన మీదే దావా వేస్తుంది.

విశ్రాంతికి మీకు హక్కు ఉంది. కడుపునిండా తినడానికి, స్నేహితులతో నవ్వుకోవడానికి హక్కు ఉంది. కానీ 'నాకు హక్కు' అనే మాట మనసులో వినపడగానే ఒక్క క్షణం ఆగి, 'ఇది నేను అంటున్నానా, కోరిక అంటోందా' అని అడగండి. భగవద్గీత 3వ అధ్యాయంలో అర్జునుడు దాదాపు ఇదే అడిగాడు: ఇష్టం లేకపోయినా, ఎవరో బలవంతంగా తోసినట్టు మనిషి తప్పు ఎందుకు చేస్తాడని. కృష్ణుడు చూపించింది కామాన్నీ, క్రోధాన్నీ. పొగ నిప్పుని కమ్మినట్టు కోరిక తెలివిని కమ్మేస్తుందన్నాడు. పొగ కమ్మినప్పుడు నిప్పు ఆరిపోదు, కనపడదు అంతే. కాసేపు ఆగితే మళ్లీ కనపడుతుంది.

*3. ఎక్సెస్: పెట్టెలో సామాను మంచిదే, తూకం దాటింది*

ఈ మాట మనందరికీ చాంగీ విమానాశ్రయంలో పరిచయం. సెలవుకి ఇంటికెళ్తూ పెట్టెని తూకం మీద పెట్టగానే "ఎక్సెస్ బ్యాగేజ్" అంటారు. ఆ పెట్టెలో ఏముంది? పిల్లలకి చాక్లెట్లు, అమ్మ మోకాళ్లకి నొప్పుల తైలం, తమ్ముడికి బూట్లు. ఒక్కటీ చెడ్డది కాదు. అయినా తూకం దాటింది, కాబట్టి డబ్బు కట్టాలి.

ఎక్సెస్ అనే మాట లాటిన్ నుంచి వచ్చింది. 'బయటికి నడిచిపోవడం, హద్దు దాటడం' దాని అర్థం. మన 'అతి' కూడా ఇదే. అతిక్రమించడం అంటే దాటి అడుగు వేయడం. అత్యాశ అంటే అతి ఆశ, గీత దాటిన ఆశ.

అందుకే 'ఇందులో తప్పేముంది' అనే ప్రశ్న ఒక్కటే సరిపోదు. 'ఇది ఎంతవరకు' అని కూడా అడగాలి. ఈ దేశం కూడా అలాగే గీతలు గీసింది. 2013 డిసెంబర్ 8 రాత్రి లిటిల్ ఇండియాలో బస్సు ప్రమాదంలో ఒక కార్మికుడు చనిపోయాక గొడవ చెలరేగింది. దాన్ని విచారించిన కమిటీ, పరిస్థితి ముదరడానికి మద్యం కూడా ఒక కారణమని చెప్పింది. 2015లో వచ్చిన చట్టం ప్రకారం రాత్రి 10:30 నుంచి ఉదయం 7 వరకు బహిరంగ ప్రదేశాల్లో తాగకూడదు. లిటిల్ ఇండియా, గేలాంగ్ ప్రాంతాల్లో అయితే శనివారం ఉదయం 7 నుంచి సోమవారం ఉదయం 7 వరకు బయట తాగడం నిషేధం.

అది ప్రభుత్వం గీసిన గీత. మన మనసులో గీత మనమే గీసుకోవాలి, అదీ గ్లాసు చేతిలోకి రాకముందే. గ్లాసు చేతికొచ్చాక గీసే గీత జరుగుతూనే ఉంటుంది.

*4. గ్రీడ్: తిన్నకొద్దీ పెరిగే ఆకలి*

గ్రీడ్ అంటే అత్యాశ, పేరాశ. దీని మూలంలో ఉన్నది ఆకలి. పాత ఇంగ్లీషులో 'గ్రీడీ'కి మూలమైన మాటకి ఆబగా తినేవాడు, ఆకలిగొన్నవాడు అని అర్థం. మన పెద్దలు దీన్నే 'తృష్ణ' అన్నారు, అంటే దాహం. వాళ్లు ఆకలన్నారు, మనం దాహమన్నాం. ఇద్దరూ శరీరం నుంచే పోలిక తీసుకున్నారు.

తేడా ఒక్కటే. పొట్ట ఆకలి అన్నం తింటే తీరుతుంది. ఈ ఆకలి తింటే పెరుగుతుంది. యయాతి మహారాజు కథ ఇదే. శుక్రాచార్యుల శాపంతో ముసలితనం వచ్చింది. భోగాల మీద ఆశ చావక కొడుకుల్ని యవ్వనం అడిగాడు. చిన్న కొడుకు పూరుడు ఇచ్చాడు. వెయ్యేళ్లు అనుభవించాక యయాతికి తెలిసింది ఏంటంటే, నేతితో నిప్పు ఆరదని. కొడుకు యవ్వనం కొడుక్కి తిరిగిచ్చి అడవికి వెళ్లాడు.

ఇక్కడ ఇంకో చిన్న మాట, శాడ్. విచారంగా ఉంటే 'శాడ్‌గా ఉంది' అంటాం. పాత ఇంగ్లీషులో ఈ మాటకి 'కడుపు నిండినవాడు, ఇక చాలు అన్నవాడు' అని అర్థం. మొహం మొత్తేదాకా అనుభవించిన వాడి బరువే మెల్లగా విచారం అయింది. వెయ్యేళ్ల తర్వాత యయాతి మొహం ఎలా ఉందో ఈ ఒక్క మాట చెబుతుంది.

*5. కియాసు: ఆశ వెనకున్న భయం*

ఇది సింగపూర్ ఇంగ్లీషు మాట. హొక్కియన్ చైనీస్ నుంచి వచ్చి, 2007లో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు డిక్షనరీలో చోటు సంపాదించింది. అర్థం 'ఓడిపోతామేమో అన్న భయం'. బఫేలో తినలేనంత వడ్డించుకోవడం, ఎందుకో తెలియకపోయినా క్యూలో నిలబడటం, అన్నీ కియాసే.

అత్యాశ లోపల భయం ఉంటుందని ఈ ఊరి మాట మనకి చెప్పింది. మనకీ ఆ భయం ఉంది. 'పక్కింటివాడు రెండేళ్లలో డాబా వేశాడు, నేను వట్టి చేతులతో వెళ్తే ఊళ్లో ఏమనుకుంటారు?' ఈ భయంలో ఉన్నవాడికే లాటరీ కాగితం దేవుడి ప్రసాదంలా కనిపిస్తుంది. 'రోజూ కొనే నంబరు ఈ వారం కొనకపోతే, సరిగ్గా అదే తగిలితే?' అని భయపడి కొనేవాళ్లు ఎంతమంది లేరు!

అందుకే లెక్క చూద్దాం. ఫోర్ డీ ఆటలో 0000 నుంచి 9999 వరకు 10,000 నంబర్లు. ఒక్కో డ్రాలో 23 నంబర్లకి బహుమతి. 'బిగ్' పందెంలో ఒక్క డాలర్‌కి మొదటి బహుమతి 2,000, రెండోది 1,000, మూడోది 490. తర్వాత పది నంబర్లకి 250 చొప్పున, ఇంకో పది నంబర్లకి 60 చొప్పున. అంతా కలిపితే 6,590. అంటే పదివేల నంబర్లూ మీరే కొంటే 10,000 డాలర్లు పెట్టి 6,590 తెచ్చుకుంటారు. కొన్న ప్రతి డాలర్‌లో సగటున 34 సెంట్లు పోతాయి.

ఒకే నంబరు పట్టుకుని బుధ, శని, ఆదివారాలు మూడు డ్రాలూ ఆడితే, ఏదో ఒక బహుమతి సగటున 435 డ్రాలకి ఒకసారి వస్తుంది. అంటే సుమారు రెండేళ్ల తొమ్మిది నెలలు. ఆ 23 బహుమతుల్లో 20 మాత్రం 250 డాలర్లో, 60 డాలర్లో. దేవుడికి మొక్కుకున్నా, ప్రమాదంలో దెబ్బతిన్న కారు నంబరు కొన్నా, కలలో వచ్చిన నంబరు కొన్నా ఈ లెక్క మారదు. స్వామిని లాటరీ నంబరు అడగడం కంటే, ఆ డాలర్ జేబులో ఉంచుకునే బలం అడగండి.

*6. అడిక్ట్: అప్పులవాడికి అప్పగించబడ్డవాడు*

అన్నింటికంటే బరువైన మాట ఇది. తాగుడికో, జూదానికో బానిసైనవాడిని అడిక్ట్ అంటారు. పాత రోమ్ చట్టంలో, అప్పు తీర్చలేనివాడిని న్యాయాధికారి అప్పిచ్చినవాడికి అప్పగించేవాడు. అలా అప్పగించబడ్డ మనిషిని పిలిచిన లాటిన్ మాట నుంచే అడిక్ట్ వచ్చింది. డబ్బుతో మొదలై చివరికి మనిషే జమ అయిపోయాడన్నమాట.

మనకి ఇది కొత్త కథ కాదు. సభాపర్వంలో ధర్మరాజు పాచికల ముందు కూర్చున్నాడు. ధర్మం తెలియనివాడా? ఆయన పేరులోనే ధర్మం ఉంది. అయినా మణులు పోయాయి, రథాలు, ఏనుగులు పోయాయి, రాజ్యం పోయింది. తర్వాత నకులుడు, సహదేవుడు, అర్జునుడు, భీముడు. ఆ తర్వాత తనను తానే ఒడ్డి ఓడిపోయాడు. చివరికి ద్రౌపదిని ఒడ్డాడు.

అప్పుడు ద్రౌపది ఒక ప్రశ్న అడిగింది: ముందు ఓడింది తననా, నన్నా? తనే బానిస అయ్యాక నన్ను పందెం పెట్టే హక్కు ఆయనకి ఎక్కడిది? ఆ సభలో భీష్ముడంతటివాడు కూడా తేల్చి చెప్పలేకపోయాడు.

అన్నా, తమ్ముడూ, ఈ ప్రశ్న ఇప్పటికీ మన ఇళ్లలో వినపడుతూనే ఉంది. ఇక్కడ ఫోన్లో క్రికెట్ పందెం పోతే, అక్కడ ఊళ్లో ఎవరి మెడలో గొలుసు తాకట్టుకి వెళ్తోంది? ఎవరి అరెకరం పొలం? వాళ్లు ఆట ఆడలేదు. అయినా పందెంలో వాళ్లే ఉన్నారు. ఇంకో సంగతి కూడా మర్చిపోకండి. ధృతరాష్ట్రుడు అన్నీ తిరిగి ఇచ్చేసినా, మళ్లీ పిలవగానే ధర్మరాజు మళ్లీ వెళ్లి కూర్చున్నాడు. 'పోయింది రాబట్టుకుని మానేస్తా' అనుకునేవాళ్లకి ఇదే హెచ్చరిక. అంతటివాడే ఆగలేకపోతే, మన సంకల్పం ఒక్కదాన్నే నమ్ముకుని బల్ల దగ్గరికి వెళ్లడం తెలివైన పని కాదు.

ఈ దేశం తన పౌరులకి ఏం చేసిందో చూడండి. 2010లో రెండు కేసినోలు తెరిచినప్పుడే సింగపూర్ పౌరులకి, పీఆర్ ఉన్నవాళ్లకి ప్రవేశ రుసుము పెట్టింది. 2019 నుంచి అది ఒక రోజుకి 150 డాలర్లు. విదేశీయులకి ఆ రుసుము లేదు. ఉచితం కదా అని సంతోషపడకండి. తన పిల్లల ముందు పెట్టిన అడ్డుగేటు మన ముందు పెట్టలేదు. మన గేటు మనమే పెట్టుకోవాలి. దానికి దారి ఉంది: వర్క్ పాస్ మీద ఉన్నవాళ్లు కూడా తమను కేసినోలోకి రానివ్వొద్దని తామే పేరు ఇచ్చుకోవచ్చు. జాతీయ జూద సమస్యల మండలి సహాయ నంబరు 1800-6-668-668.

లైసెన్సు లేని వెబ్‌సైట్లలో, బుకీల దగ్గర పందెం కట్టడం 2022 చట్టం కింద ఆడేవాడికీ నేరమే. జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. పని, పర్మిట్ కూడా పోయే ప్రమాదం ఉంది.

అప్పు గురించి ఒక గుర్తు పెట్టుకోండి. ఇక్కడ లైసెన్సు ఉన్న వడ్డీ వ్యాపారి ఫోన్ చేసి, మెసేజ్ పెట్టి 'లోన్ కావాలా' అని అడగడానికి చట్టం ఒప్పుకోదు. కాబట్టి వాట్సాప్‌లో లోన్ మెసేజ్ వస్తే, పంపింది దొంగ వడ్డీవాడో, మోసగాడో. జవాబు ఇవ్వకండి. పర్మిట్ కార్డు ఫోటో అస్సలు పంపకండి. చట్టం ప్రకారం వడ్డీ నెలకి 4 శాతం దాటకూడదు. ఏడాదికి 10,000 డాలర్ల లోపు సంపాదించే విదేశీయుడికి ఆ వ్యాపారులంతా కలిపి 500 డాలర్లకి మించి ఇవ్వకూడదు. ఆ 500 కూడా ఒక గీతే.

*7. సాటిస్‌ఫాక్షన్: 'చాలు' అని చేసుకోవడం*

చివరి మాట మంచిది. సాటిస్‌ఫాక్షన్ అంటే తృప్తి. లాటిన్‌లో 'సాటిస్' అంటే చాలినంత, రెండో సగానికి 'చేయడం' అని అర్థం. అంటే తృప్తి దానంతట అది వచ్చేది కాదు, మనం చేసుకునేది.

సెరంగూన్ రోడ్డులో మన స్వామి కొలువై ఉన్నాడు, శ్రీనివాస పెరుమాళ్‌గా. ఆ విష్ణువే వామనుడై బలి చక్రవర్తి దగ్గరికి వెళ్లాడు. కావలసినంత కోరుకోమంటే మూడు అడుగుల నేల చాలన్నాడు. మూడు అడుగులతో తృప్తి లేనివాడికి ద్వీపాలు ఇచ్చినా తృప్తి ఉండదని కూడా చెప్పాడు. మూడు లోకాలూ కొలవగలిగినవాడు కూడా అడిగేటప్పుడు లెక్కపెట్టే అడిగాడు.

ఆ శ్రీనివాసుడికీ అప్పు ఉంది. పద్మావతమ్మతో పెళ్లికి కుబేరుడి దగ్గర తీసుకున్నాడు, కలియుగం చివరిదాకా వడ్డీ కడుతున్నాడు. అందుకే మనం ఆయన్ని ప్రేమగా వడ్డికాసులవాడు అని పిలుచుకుంటాం. అప్పు ఉందని తలదించుకునే ప్రతి తమ్ముడికీ ఇది ధైర్యం. చెల్లి పెళ్లికి, ఇంటికి, ఏజెంటుకి చేసిన అప్పు శ్రీనివాసుడి అప్పు లాంటిది. దానికి కారణం ఉంది, లెక్క ఉంది, నెలనెలా తీరుతుంది. పోయింది రాబట్టుకోవడానికి చేసే అప్పు ధర్మరాజు పాచికల అప్పు. దానికి లెక్కే ఉండదు. మీ చేతిలో ఉన్న అప్పు ఏ రకమో మీకు తెలుసు.

📿 *ఈ వారం సాధన*

👉 జీతం పడిన రోజే ముందు ఇంటికి పంపండి, తర్వాత తిండికి తీయండి, మిగిలిన దాంట్లోనే సరదా. ధర్మం, అర్థం, కామం: అదే వరస.

👉 ఆదివారం బయటికి వెళ్లేముందు 'ఈ రోజు ఇంతే' అని ఒక అంకె కాగితం మీద రాసుకోండి. అంతవరకే నోట్లు జేబులో పెట్టుకుని, కార్డు గదిలో వదలండి.

👉 ఇప్పటికే మునిగిపోయి ఉంటే దాచుకోకండి. ముందు ఒక్కరికి చెప్పండి. గదిలో పెద్దన్నకో, ఇంట్లో భార్యకో. సభలో ఒక్కరు లేచి ఆపినా ద్రౌపదికి ఆ కష్టం వచ్చేది కాదు. మీ గదిలో ఎవరైనా మునుగుతుంటే ఆ ఒక్కరు మీరు అవ్వండి. ఎగతాళి చేయకుండా పక్కన కూర్చోండి.

ఏడుకొండలవాడు మనందరికీ కష్టానికి తగ్గ ఫలితాన్ని, 'చాలు' అనగలిగే మనసునీ ఇవ్వాలి. అప్పు తీరి, ఆరోగ్యంగా, తల ఎత్తుకుని ఇంటికి చేరాలి.

ఈ పాఠం నచ్చితే మీ గదిలో వాళ్లకి చదివి వినిపించండి. చదవడం రానివాళ్లకి వాయిస్ మెసేజ్‌గా పంపండి.

🙏 గోవిందా గోవింద 🙏